తాకిన చేయి, తగిలిన కాలు: ‘రష్ అవర్’ చిత్రంపై ఒక పరిశీలన

వేదాంత పరిశోధనకు ఉద్దేశించిన ఈ పుటల్లో ఒక కొట్లాట సినిమాను గూర్చి వ్రాయడమేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిరప, పత్తి చేల మధ్య పెరిగి సేవకు సిద్ధపడుతున్న మా విద్యార్థులను, చిన్నతనంలో మీరు ఎవరిని చూసి కడుపుబ్బ నవ్వారు అని అడిగితే, తెలుగు హాస్యనటుల పేర్లతో పాటు ఒక పరాయి పేరు కూడా వస్తుంది: జాకీ చాన్. 1980లలో, 90లలో మన ఊళ్ళలో తిరునాళ్ళకో, పెళ్ళికో కలర్ టీవీ, వీడియో డెక్కు అద్దెకు తెచ్చి తెల్లవార్లూ మూడు నాలుగు సినిమాలు వేసేవారు. వాటిలో ఒకటి హాంకాంగ్ సినిమా అయితే పిల్లలు నిద్రపోయేవారు కాదు. తెరమీద వాళ్ళు ఏ భాష మాట్లాడుతున్నారో ఎవరికీ పట్టేది కాదు. కుర్చీ, నిచ్చెన, గొడుగు, ఏది చేతికి దొరికితే దానితో పోరాడే ఆ మనిషిని చూసి ఊరూ పల్లే కలిసి నవ్వేవి. కలిసి అన్నాము గాని, ఎవరు మంచం మీద కూర్చున్నారు, ఎవరు నేల మీద కూర్చున్నారు, ఎవరు దూరంగా నిలబడి చూశారు అన్నది వేరే సంగతి. ఆ వేరే సంగతే ఈ వ్యాసానికి ప్రేరణ.

మేము పరిశీలనకు తీసుకున్న ‘రష్ అవర్’ 1998 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు బ్రెట్ రాట్నర్. హాంకాంగ్ పోలీసు ఇన్‌స్పెక్టర్ లీగా జాకీ చాన్, లాస్ ఏంజెలెస్ డిటెక్టివ్ జేమ్స్ కార్టర్‌గా నల్లజాతి హాస్యనటుడు క్రిస్ టక్కర్ నటించారు. సంగీతం లాలో షిఫ్రిన్. 1973లో బ్రూస్ లీ నటించిన ‘ఎంటర్ ద డ్రాగన్’కు సంగీతం కూర్చినది కూడా ఆయనే. ప్రపంచమంతటా 24 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన ఈ చిత్రానికి 2001లో ఒకటి, 2007లో ఒకటి కొనసాగింపులు వచ్చాయి. కథ పెద్దదేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లో ఉన్న చైనా కాన్సుల్ హాన్ కూతురిని, సూ యంగ్ అనే చిన్నపిల్లను, దుండగులు ఎత్తుకుపోతారు. తండ్రి తన మిత్రుడైన లీని హాంకాంగ్ నుంచి పిలిపిస్తాడు. దర్యాప్తు చేస్తున్న ఎఫ్‌బీఐకి ఈ బయటివాని జోక్యం ఇష్టం లేదు. అతణ్ణి ఊరంతా తిప్పుతూ పనికి దూరంగా ఉంచడానికి ఒక మనిషి కావాలి. తమకు తలనొప్పిగా తయారైన కార్టర్‌ను నగర పోలీసు శాఖ సంతోషంగా ఆ పనికి అప్పగిస్తుంది. తనకేదో పెద్ద బాధ్యత దక్కిందని ఉబ్బిపోయిన కార్టర్‌కు, అది కేవలం కాపలా ఉద్యోగమని తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

అంటే ఇద్దరూ అక్కరలేని వాళ్ళే. ఒకే బల్ల దగ్గర నుంచి ఇద్దరినీ లేపి పంపించారు. ఈ ఏర్పాటులోనే చిత్రం యొక్క మొదటి బలం ఉన్నదని మేము భావిస్తున్నాము. మన సినిమాల్లో జంట అనగానే ఒకడు హీరో, రెండవవాడు కమెడియన్. కమెడియన్ ఉన్నది చెంపదెబ్బలు తినడానికి. నల్లగానో, లావుగానో, పొట్టిగానో పుట్టినందుకు మాట పడటానికి. పోలీసు కథ అయితే హీరో సర్కిల్ ఇన్‌స్పెక్టరు, నవ్వులపాలయ్యేది కానిస్టేబులు. నవ్వు ఎప్పుడూ పైనుంచి కిందికి పారే కాలువ నీళ్ళ వంటిది. ‘రష్ అవర్’లో ఎవడు హీరో, ఎవడు హాస్యగాడు అని అడిగితే తడుముకోవలసి వస్తుంది. కార్టర్ నోటితో లీని ఏడిపిస్తాడు. లీ చేతులతో, మౌనంతో కార్టర్‌ను ఏడిపిస్తాడు. విమానాశ్రయంలో మొదటిసారి కలిసినప్పుడు లీకి ఇంగ్లీషు రాదనుకొని కార్టర్ గొంతు పెంచి, మాట మాటనూ సాగదీసి అరుస్తాడు. లీ చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు. కొంతసేపయ్యాక చక్కని ఇంగ్లీషులో మాట్లాడేసరికి కార్టర్ నిర్ఘాంతపోతాడు. నాకు రాదని నేను చెప్పలేదు, నీవే అనుకున్నావు అన్నది లీ సమాధానం. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఇంగ్లీషు రాదని ముందే తీర్మానించుకొని గొంతు పెంచే ఉపాధ్యాయులను మేము చూశాము. ఒకప్పుడు మేమూ అలా చేశామేమో.

ఇప్పుడు కారులోని దృశ్యానికి వద్దాము. కార్టర్ నడుపుతున్నాడు, లీ పక్కన కూర్చున్నాడు. లీ చేయి చాపి రేడియో స్టేషను మార్చి, తెల్లవారి బృందమైన బీచ్ బాయ్స్ పాట పెడతాడు. ఇదే గొప్ప అమెరికా సంగీతమని అతని నమ్మకం. కార్టర్ మండిపడతాడు. ఏ పని చేసినా చేయవచ్చు గాని నల్లవాని రేడియోను మాత్రం ముట్టుకోరాదని హెచ్చరిస్తాడు. హాలంతా నవ్వే చోటు ఇది. మేము గత విద్యా సంవత్సరంలో వసతి గృహం హాల్లో చాపలు పరచి ఈ చిత్రాన్ని ప్రదర్శించినప్పుడు కూడా ఇక్కడే మొదటి పెద్ద నవ్వు వచ్చింది. తర్వాత జరిగిన చర్చలో బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచి ఇలా అన్నాడు: అయ్యగారూ, ముట్టుకోవద్దు అన్న మాటకు నేనూ నవ్వాను గాని, ఎందుకు నవ్వానో తెలియలేదు, ఆ మాట మా తాతకు చెప్పినవాళ్ళు నవ్వించడానికి చెప్పలేదు.

ఆ మాట తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. సినిమా హాలు, తాకడం, ఈ రెండు మాటలు కలిసినప్పుడు మన ప్రాంతంలో గుర్తుకు రావలసిన ఊరు ఒకటి ఉన్నది. 1991 జూలైలో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా చూస్తున్న ఒక దళిత యువకుని కాలు ముందు వరుసలో కూర్చున్న అగ్రకులానికి చెందిన వ్యక్తికి తగిలింది. మన భాషలో ‘తగిలింది’ అనే మాట ఉన్నది, ‘తన్నాడు’ అనే మాట ఉన్నది. చీకటిలో, ఇరుకు వరుసలో, కాలు తగలడం సహజం. కాని ఎవరి కాలు అనేదాన్ని బట్టి ఆ మొదటి మాటను రెండవ మాటగా మార్చే వ్యాకరణం ఒకటి మన ఊళ్ళలో ఉన్నది. గొడవ పెరిగింది. దళితులను సాంఘికంగా వెలివేశారు, పనుల్లోకి పిలవలేదు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. ఊళ్ళో పోలీసు బందోబస్తు ఉన్న రోజుల్లోనే ఇది జరిగింది. శవాలను గోనె సంచుల్లో కట్టి కాలువలో వేశారు. ఆ ఊళ్ళోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. నేడు చుండూరు బాపట్ల జిల్లాలో ఉన్నది.

ఒక హాస్య చిత్రాన్ని విమర్శిస్తూ ఇంత బరువు దాని మీద పెట్టడం న్యాయమా అని మమ్ములను మేమే ప్రశ్నించుకున్నాము. కాని ఆ బరువును మోయగల దృశ్యాలు ఈ చిత్రంలోనే ఉన్నాయి. అందులో ముఖ్యమైనది బారు దృశ్యం. నల్లవారి బారులోకి కార్టర్ వెళ్తూ, లోపల ఉన్న తనవాళ్ళను ఒక మాటతో పలకరిస్తాడు. ఆ మాట తెల్లవారి నోట వస్తే బానిసత్వపు కొరడా శబ్దం వినిపించే మాట. తనవాడు అంటే చనువు. వెనుక నుంచి చూస్తున్న లీ, ఇక్కడ మర్యాద ఇదే కాబోలు అనుకొని, ఎంతో వినయంగా, చిరునవ్వుతో అదే మాటను బారులో ఉన్నవానితో అంటాడు. క్షణంలో కొట్లాట మొదలవుతుంది. తనకు గొడవ ఇష్టం లేదని బతిమాలుకుంటూనే లీ కర్రలను, స్టూళ్ళను తప్పించుకుంటాడు.

ఒక్క పదం పలికిన తీరును బట్టి మనిషి ప్రాణం తీసిన చరిత్ర మనకు న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయంలో ఉన్నది. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపలా కాసి, ‘షిబ్బోలెతు’ అని సరిగా పలకలేని ఎఫ్రాయిమీయులను పట్టుకొని చంపారు. అక్కడ సమస్య ఉచ్చారణ. బారులో సమస్య అది కాదు. లీ ఉచ్చారణలో తప్పేమీ లేదు. పలికిన నోరే తప్పు. ఈ భేదాన్ని మన ప్రాంతం కంటే బాగా ఎరిగిన ప్రాంతం మరొకటి ఉండదు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో ప్రారంభమైన మాదిగ దండోరా ఉద్యమంలో వేలాది మంది తమ పేర్ల చివర తమ కులం పేరును సగర్వంగా చేర్చుకున్నారు. అంతవరకు తిట్టుగా విన్న మాటను బిరుదుగా మార్చుకున్నారు. అదే మాటను నలుగురిలో అవమానించే ఉద్దేశంతో బయటివాడు అంటే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మాట ఒక్కటే. ఈ సంగతిని తరగతిలో వివరించడానికి మేము ఎంతో కాలంగా తంటాలు పడుతున్నాము. ఈ చిత్రం రెండు నిమిషాల్లో, ఒక స్టూలు, ఒక బిలియర్డ్ కర్ర సాయంతో వివరించింది. లీ నిష్కపటంగా అన్నాడు గదా అని కొందరు విద్యార్థులు వాదించారు. నిష్కపటమే, అయినా గాయం తగిలినవాడు, అన్నవాని మనస్సును పరీక్షించిన తర్వాతే నొచ్చుకోవాలని మనం కోరలేము.

అయితే చిత్రం ఇక్కడ ఆగిపోదు. మా దృష్టిలో ఈ చిత్రమంతటిలో శ్రేష్ఠమైన దృశ్యం కొట్లాట కాదు, ఒక చైనా హోటలు ఎదుట రోడ్డు మీద జరిగిన కాపలా. దుండగుల కోసం ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఆకలవుతుంది. లీ వెళ్ళి చైనా తిండి తెస్తాడు. కార్టర్ సణుగుతూనే తింటాడు, బాగుందంటాడు, తర్వాత తాను తిన్నదేమిటో తెలిసి ముఖం చిట్లిస్తాడు. అయినా తింటాడు. ఆ తర్వాత, వియత్నాం యుద్ధ కాలంలో ఎడ్విన్ స్టార్ పాడగా 1970లో పేరు పొందిన ‘వార్’ అనే పాట లీకి కూడా వచ్చునని తెలిసి కార్టర్ ఆశ్చర్యపోతాడు. లీ దాన్ని బడిపిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టు పాడతాడు. కార్టర్ దిద్దుతాడు: మాటను ఎక్కడ కలపాలి, నడుమును ఎలా కదపాలి. దానికి బదులుగా, ఎదుటివాడు తుపాకి గురిపెట్టినప్పుడు దాన్ని చేతిలోంచి ఎలా లాగివేయాలో లీ నేర్పుతాడు. ఒకని మెడ ఒకడు, ఒకని మణికట్టు ఒకడు పట్టుకొని, సరిచేసుకుంటూ, విసుక్కుంటూ, నవ్వుకుంటూ రోడ్డు మీద నిలబడి ఉంటారు. రేడియోను ముట్టుకోవద్దన్నవాడు ఇప్పుడు తన శరీరాన్నే తాకనిస్తున్నాడు.

ఎవరూ ఎవరికీ ఉపదేశం చేయకపోవడం ఇక్కడ గమనించదగినది. జాతుల సమైక్యత అనే మాట ఈ దృశ్యంలో వినబడదు. తిండి, పాట, చేతిపని, ఈ మూడింటి ద్వారానే దగ్గరవుతారు. మన సంఘాల్లో సహవాస విందులు జరుగుతూనే ఉంటాయి. వాటి మీద ప్రసంగాలు కూడా. అయినా ఎవరి ఇంట వండినది ఎవరు తింటారన్న లెక్క కొన్ని చోట్ల ఇంకా పోలేదని మన కాపరులకు తెలుసు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠరోగి యేసు దగ్గరకు వచ్చినప్పుడు, ఒక్క మాటతో బాగుచేయగలిగిన ఆయన ముందు చేయి చాపి ముట్టాడు. వ్యాఖ్యాతలు ఆ స్పర్శను గూర్చి ఎంతో వ్రాశారు. ఆ రోగిని అంతకు ముందు ఎన్నాళ్ళ క్రితం ఎవరు ముట్టారో అన్న ప్రశ్న వ్యాఖ్యానాల్లో తక్కువగా కనబడుతుంది.

జాకీ చాన్ శరీరాన్ని గూర్చి ఒక మాట. 1954లో హాంకాంగ్‌లో పుట్టి, చిన్ననాడే పెకింగ్ ఒపెరా బడిలో చేరి, దెబ్బలు తింటూ పల్టీలు, కత్తిసాము, పాట అన్నీ నేర్చుకున్నవాడు. మూకీ చిత్రాల బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్ తనకు ఆదర్శమని చెప్పుకున్నాడు. అతని పోరాటంలో నొప్పి ఉంటుంది. గుద్దిన తర్వాత చేయి విదిలించుకుంటాడు, దూకిన తర్వాత మోకాలు పట్టుకుంటాడు, భయం వేస్తే పరిగెత్తుతాడు. మన హీరో గుద్దితే పదిమంది గాలిలో ఎగురుతారు. అతని చొక్కా నలగదు. ఈ తేడా కేవలం శైలికి సంబంధించినది కాదని మా అభిప్రాయం. మన హీరోకు బలం పుట్టుకతో, వంశంతో, తండ్రి పేరుతో వస్తుంది. చాన్‌కు అది పని. మిరప కోతల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుము వంచి, ఘాటుకు మండే చేతులతో ఇంటికి వచ్చే మనిషి అతనిలో తనను చూసుకోగలదు. ‘రష్ అవర్’ ముగింపులో, చైనా కళాఖండాల ప్రదర్శనశాలలో, నిలువెత్తు పింగాణీ కూజాలు పడి పగలకుండా ఒక చేత్తో ఆపుతూ మరొక చేత్తో, కాళ్ళతో శత్రువులను ఎదుర్కొంటాడు. కొట్టడం కంటే కాపాడటం కష్టమని చూపిన పోరాటం అది. హాంకాంగ్ చిత్రాలతో పోలిస్తే ఇక్కడ అతనికి పోరాడే అవకాశం తక్కువ ఇచ్చారు; దృశ్యాన్ని ముక్కలుగా కోసి కదలికను చెడగొట్టారు. ‘పోలీస్ స్టోరీ’ (1985) చూసినవారికి ఈ లోపం వెంటనే తెలుస్తుంది.

ఇక మా అసలు అభ్యంతరానికి వస్తాము. చిత్రం జరిగేది లాస్ ఏంజెలెస్‌లో. చుండూరు జరిగిన 1991లోనే, మార్చి 3న, ఆ నగర పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని రోడ్డు మీద పడవేసి లాఠీలతో కొట్టారు. ఒక ఇరుగుపొరుగువాడు దాన్ని వీడియో తీయడం వల్ల ప్రపంచమంతా చూసింది. రెండు వారాలు గడవకముందే అదే నగరంలో ఒక కొరియా దుకాణదారు, పండ్లరసం సీసా దగ్గర వచ్చిన తగవులో 15 ఏళ్ళ నల్లజాతి బాలికను కాల్చి చంపింది. 1992 ఏప్రిల్ 29న పోలీసులు నిర్దోషులని తీర్పు రాగా నగరం తగులబడింది. యాభై మందికి పైగా చనిపోయారు. కొరియావారి దుకాణాలు వందల సంఖ్యలో కాలిపోయాయి. ఆరేళ్ళు తిరిగేసరికి అదే నగరంలో, ఒక నల్లజాతి పోలీసు, ఒక తూర్పు ఆసియా పోలీసు నవ్వుతూ భుజం భుజం కలిపి నడిచే చిత్రం వచ్చింది. దాన్ని ప్రజలు ఎంత ఆదరించారో పైన చెప్పాము. ఆ నవ్వులో ఒక నిజమైన దాహం ఉన్నదని మేము ఒప్పుకుంటాము. ఆ రెండు సమాజాలు మళ్ళీ కలవాలని కోరుకోవడం తప్పు కాదు. కాని చిత్రంలో ఆ కలయిక ఇద్దరు పోలీసుల మధ్య జరుగుతుంది. కాలిన దుకాణం లేదు, కొట్టబడిన మనిషి లేడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి లేదు. నల్లపేట మనుషులు బారులో కొట్లాడటానికి, చైనా పేట మనుషులు దుండగులకు ఆశ్రయమివ్వడానికి మాత్రమే కనబడతారు. పోలీసులిద్దరూ స్నేహితులైతే నగరానికి శాంతి వచ్చినట్టే అన్న భావం ప్రేక్షకునికి కలుగుతుంది.

మన ప్రాంతం నుంచి చూస్తే ఈ లోటు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1985 జూలై 17న కారంచేడులో, 1991లో చుండూరులో లేనిది పోలీసుల మధ్య స్నేహం కాదు. పల్లెకు పోలీసు పొరుగువాడు కాకపోవడమే అక్కడి దుఃఖం. మంచి సమరయుని ఉపమానంలో యేసు అడిగిన ప్రశ్న కూడా దారిన పోయినవారు ఒకరికొకరు ఎంత సఖ్యంగా ఉన్నారని కాదు. దెబ్బలు తిని పడి ఉన్నవానికి వారిలో ఎవడు పొరుగువాడయ్యాడని.

చిత్రంలో ఈ దిశగా ఒక ద్వారం తెరుచుకొని మూసుకుపోతుంది. హాంకాంగ్‌లో బ్రిటిష్ పాలన ముగిసిన 1997 నాటి చివరి రాత్రితో కథ మొదలవుతుంది. అపహరణ వెనుక ఉన్న జున్‌టావో అనే నాయకుడు మరెవరో కాదు, హాంకాంగ్ పోలీసులో పెద్ద పదవి చేసిన థామస్ గ్రిఫిన్ అనే ఆంగ్లేయుడని చివరలో బయటపడుతుంది. పోగుచేసుకున్న చైనా కళాసంపద చేజారిందని అతని పగ. దొంగలను పట్టే అధికారే పెద్ద దొంగ! వలస పాలనను గూర్చి ఇంతకన్న సూటిగా చెప్పడం కష్టం. దర్శకుడు మాత్రం దీన్ని ఒక మలుపుగా వాడుకొని వదిలేశాడు.

మనం వదిలేయడానికి వీల్లేదు. ఎందుకంటే బాపట్లకు సమీపంలో రైలు మార్గం పక్కనే స్టువార్టుపురం ఉన్నది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేసిన తర్వాత, ఎరుకలవారిని అక్కడ స్థిరపరచి, ఆ స్థావరం నిర్వహణను ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి, అంటే రక్షణ సైన్యానికి, అప్పగించింది. బడి, ఆసుపత్రి, పని చూపించిన చేతులే హాజరు పట్టీ కూడా పట్టుకున్నాయి. పుట్టుకతోనే ఒక బిడ్డను నేరస్థునిగా లెక్కగట్టిన చట్టం 1952లో రద్దయ్యేంత వరకు అమలులో ఉన్నది. కాపరి, పోలీసు, ఈ పొసగని జంటను గూర్చి ఎవరూ హాస్య చిత్రం తీయలేదు. దొంగల కథలు మాత్రం తీశారు. యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి నటించిన ‘స్టువార్టుపురం పోలీస్ స్టేషన్’ కూడా ఆ 1991లోనే వచ్చింది. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఊరి పేరే సినిమా పేరైతే ఆ ఊరి పిల్లవాడు పట్నంలో ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు ఏమవుతుందో ఆలోచించవలసిన బాధ్యత ప్రేక్షకునికీ ఉన్నది. లూకా సువార్త 3వ అధ్యాయంలో సైనికులు వచ్చి మేమేమి చేయాలని అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానుకోమనలేదు. బెదిరించి లాక్కోవద్దన్నాడు, అబద్ధపు నేరం మోపవద్దన్నాడు, జీతంతో తృప్తిపడమన్నాడు. ఆ రెండవ ఆజ్ఞను స్టువార్టుపురం హాజరు పట్టీ పక్కన పెట్టి చదివిన ప్రసంగం మేము ఇంతవరకు వినలేదు.

మన పోలీసు చిత్రాలు ఈ విషయంలో ‘రష్ అవర్’ కంటే మెరుగని చెప్పలేము. ‘అంకుశం’ (1989), ‘కర్తవ్యం’ (1990) కాలంలో పోలీసు పాత్రకు కోపం, దుఃఖం ఉండేవి. కొండవీడు నేపథ్యంగా వచ్చిన ‘గబ్బర్ సింగ్’ (2012), ఒంగోలు నేపథ్యంగా వచ్చిన ‘క్రాక్’ (2021) నాటికి లాఠీయే హాస్యమైంది. నిందితుణ్ణి స్టేషనులో కొట్టడం నవ్వు పుట్టించే దృశ్యమైంది. కార్టర్ కూడా అనుమానితులతో దురుసుగానే ప్రవర్తిస్తాడు. తేడా ఏమిటంటే అతని తండ్రి కూడా పోలీసే. విధి నిర్వహణలో, తోడుగా నిలవవలసినవాడు నిలవకపోవడం వల్ల చనిపోయాడు. ఒంటరిగా పనిచేస్తానన్న కార్టర్ గర్వం వెనుక ఆ గాయం ఉన్నదని తెలిసిన తర్వాత అతని వాగుడు వేరుగా వినిపిస్తుంది. లీని అవమానించి హాంకాంగ్ విమానం ఎక్కించినప్పుడు కార్టర్ విమానంలోకి వెళ్ళి అతణ్ణి వెనక్కి పిలుచుకొని వస్తాడు. తండ్రికి ఎవరూ చేయని పని అది.

మిగిలిన లోపాలను క్లుప్తంగా చెబుతాము. చైనావారి ముఖాలను, తిండిని గూర్చి కార్టర్ వేసే ఛలోక్తులన్నీ ఒకే విలువ గలవి కావు. కొన్ని ఇద్దరి మధ్య ఆటలో భాగం. కొన్ని వట్టి ఎగతాళి. లీ తిరిగి సమాధానం చెప్పగలిగిన చోట నవ్వు వచ్చింది. పక్కన ఉన్న పేరులేని చైనా మనిషి నోరెత్తలేని చోట మాకు రాలేదు. బాంబులను నిర్వీర్యం చేసే అధికారిణి టానియా జాన్సన్ పాత్రను ఎలిజబెత్ పెన్యా చక్కగా పోషించినా, ఆమెను చివరిదాకా కార్టర్ సరసాలకు గురిగానే ఉంచారు. సూ యంగ్ మొదట్లో కారులో పాట పాడుతూ ఎంత ముద్దుగా, ధైర్యంగా కనబడుతుందో, ఆ తర్వాత కథ ఆమెను అంతగా మరచిపోతుంది. రెండవ, మూడవ భాగాలను గూర్చి వ్రాయడానికి ఏమీ లేదు. మొదటి భాగంలో నేర్చుకున్నదాన్ని మరచిపోయి ఇద్దరూ మళ్ళీ మొదటినుంచి కొట్లాడుకుంటారు.

చాన్ చిత్రాల అలవాటు ప్రకారం ఈ చిత్రం చివర పేర్లు వస్తుండగా, చిత్రీకరణలో దొర్లిన తప్పులను చూపుతారు. మన ఊళ్ళలో పేర్లు మొదలుకాగానే జనం లేచి వెళ్ళిపోతారు. హాల్లో మా విద్యార్థులు కూడా చాపలు చుట్టడం మొదలుపెట్టారు. తెరమీద క్రిస్ టక్కర్ రెండు మూడు చైనా మాటలు పలకవలసి ఉన్నది. పలకలేక మళ్ళీ మళ్ళీ తడబడుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు. అప్పుడు చాన్ కెమెరా వైపు తిరిగి, నా ఇంగ్లీషును ఎప్పుడూ ఎగతాళి చేసే ఇతనికి మూడు చైనా మాటలు కూడా రావడం లేదు చూడండి అంటాడు. చాపలు చుట్టేవారు ఆగిపోయారు. కారు దృశ్యంలో తాను ఎందుకు నవ్వాడో తెలియలేదన్న ఆ బాపట్ల విద్యార్థి, ఆ ముక్కను మళ్ళీ ఒకసారి వేయమని అడిగాడు. వేశాము.